రంగప్ప చెయ్యి, నా గిన్నె

బేకరీ పెట్టాలనుకునే కుర్రవాళ్లు ఈ మధ్య నా దగ్గరికి సలహాకు వస్తున్నారు. ఓవెన్ ఏది కొనాలి, షోకేసు ఎంత పొడవుండాలి, బోర్డుకు ఏ రంగు వేస్తే జనం ఆగుతారు అని అడుగుతారు. ఈస్టు గురించి ఒక్కరూ అడగరు. తప్పు పట్టను, నేనూ అడగలేదు. హిందూపురంలో పదిహేడేళ్లు బేకరీ నడిపాక గానీ అది ప్రాణమున్న సరుకన్న సంగతి నా తలకెక్కలేదు. ఎక్కిన రోజు గల్లాపెట్టె పక్కన స్టూలు మీద కూలబడిపోయాను. నోట మాట రాలేదు. నాకు నోట మాట రాకపోవడం పెళ్లయ్యాక అదే మొదటిసారని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

మాది బజారు కుటుంబం. నాయనది చిల్లర కొట్టు. కందిబేడలు, బెల్లం, సబ్బులు, అగ్గిపెట్టెలు: పుట్టినప్పటి నుంచి నేను చూసిన సరుకంతా పెట్టినచోట పెట్టినట్టు పడి ఉండేదే. మహా అయితే పురుగు పడుతుంది, చెరిగి మళ్లీ అమ్ముతాం. సరుకే పురుగు లాంటిదై, దానికి ఆకలి, దాహం, ఎండ, చలి ఉంటాయని మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి నాకెలా తెలిసిందో, తెలిసేలోగా ఒక మనిషిని ఎలా రోడ్డున పడేశానో రాస్తాను. మిగతావి ఓవెన్ అమ్మేవాళ్లే చెబుతారు.

అసలు యజమాని

బోర్డు మీద పేరు నాదే గానీ బేకరీకి యజమాని రంగప్ప మేస్త్రి. మడకశిర వైపు మనిషి. తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగించేవాడు. నాకన్నా పదేళ్లు పెద్ద. నేను పుట్టిన కులాన్ని బట్టి నన్ను 'సెట్టీ' అనేవాడు, చేసే పనిని బట్టి ఇంకేమైనా అనేవాడేమో, నా ఎదుట మాత్రం అనలేదు.

మొదటి చలికాలంలో ఒక పొద్దున పిండి పొంగడం ఆలస్యమవుతోందని నేను పెద్ద తెలివి చేశాను. ఈస్టు మీద సలసల కాగే నీళ్లు పోశాను. వేడినీళ్లు పోస్తే టీ పొడి తొందరగా దిగుతుంది కదా, ఇదీ అంతే అనుకున్నాను. రంగప్ప గిన్నెలోకి వంగి చూశాడు.

"ఏమప్పా సెట్టీ, దీనికి స్నానం చేయించినావా, దహనం చేసినావా?"

"వేడి చాల్లేదా?"

"చాలిందిలే. బూడిద ఒకటే తక్కువ."

ఇంకో గిన్నెలో నీళ్లు పోసి, నా వేలు పట్టుకుని అందులో ముంచాడు. "ఏలుకు ఎచ్చగా అనిపియ్యకూడదు, సల్లగా అనిపియ్యకూడదు. నీళ్లుండాయో లేదో తెలీనట్టుండాల. అప్పుడు వెయ్యాల ఈస్టు. ఇది ప్రాణమున్న జీవి సెట్టీ."

నేను తల ఊపాను, నమ్మలేదు. పనివాడు తన పనిని మాయ చేసి చెబితే జీతం పెంచమని అడగబోతున్నాడని అర్థం. బజారులో పెరిగినవాడికి చెవులు అలాగే పనిచేస్తాయి.

నీళ్ల కొలత దగ్గరా అంతే. నీళ్లు పిండిని తడపడానికేనని నా లెక్క. ఇన్ని కిలోల మైదాకు ఇన్ని చెంబులని రాసి గోడకు అంటించమన్నాను.

"నీకు రోజూ ఒకటే దాహం అయితాదా సెట్టీ?" అన్నాడు. "పిండికీ అంతే. కొత్త మూట వస్తే దాని దాహం వేరే. ఎండలకు వేరే, వానలకు వేరే."

ఒకసారి పాలు బేరమాడి తెచ్చాను, మిల్క్ బ్రెడ్ కోసం. మధ్యాహ్నం మిగిలిపోయిన పాలు, సగానికి సగం తగ్గించి కొన్నాను. గ్యాసు ఆదా అని కాచకుండానే పిండిలో పోయమన్నాను. రంగప్ప వద్దన్నాడు, నేను వినలేదు. ఆ రోజు రొట్టెలు నడుం విరిగినట్టు కూలిపోయాయి. పచ్చి పాలలో పిండి బిగువును పోగొట్టే గుణం ఏదో ఉందట, కాచి చల్లార్చితే అది పోతుందట. ఎందుకని అడిగితే ఆయన చెప్పలేడు. చెయ్యికి తెలుసు, అంతే. కొత్తవాళ్లకు ఇక్కడ ఒక మాట: మీ దగ్గర చెయ్యి తెలిసిన మనిషి ఉంటే, కారణం చెప్పలేకపోయినా ఆయన మాట వినండి. కారణాలు నాలాంటి వాడు ఎన్నయినా చెబుతాడు.

దీపాలు పెట్టాక

మేం పిండి మధ్యాహ్నం కలిపేవాళ్లం. ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చాక పెనుకొండ దారిలో టీ కొట్లు పెరిగాయి. పొద్దున షిఫ్టుకు పోయేవాళ్లకు బన్ను, బ్రెడ్డు తెల్లవారేసరికి కావాలన్నారు. ఆ గిరాకీ కోసం పిండి కలిపే పని సాయంత్రానికి, దీపాలు పెట్టిన తర్వాతకి జరిపాను. అక్కడ వచ్చింది చిక్కు.

మా ఇళ్లలో దీపాలు పెట్టాక ఉప్పు ముట్టం. మా నాయన కొట్లో చీకటి పడ్డాక ఎవరైనా వచ్చి అడిగితే, లేదనకుండా, "రేపు పొద్దున రాప్పా" అనేవాడు. ఆ మాట నోటితో అన్నా లక్ష్మి బయటికి నడుస్తుందని మా అవ్వ భయం. భోజనం దగ్గర తక్కువైతే ఆమె 'రుచి' అనేది. "రోంత రుచి వెయ్యి" అంటే మాకు అర్థమైపోయేది. బేకరీలోనూ అదే నడిపాను. రంగప్పకు ఆ పట్టింపు లేదు గానీ నా కోసం పాటించేవాడు.

ఇప్పుడు పిండి కలిపేది దీపాల తర్వాత. మరి ఉప్పు? నేనే ఎండ ఉండగానే తూకం వేసి బయట పెట్టాలనుకున్నాను. అంతవరకు బాగానే ఉంది. అక్కడితో ఆగితే నేను సెట్టిని ఎలా అవుతాను? ఎలాగూ పెడుతున్నాను కదా, ఈస్టు కూడా నేనే నానబెడితే మేస్త్రికి అరగంట పని తగ్గుతుంది. రెండు గిన్నెలెందుకు, కడిగే పని కూడా తగ్గుతుంది. బెంగళూరు నుంచి ఐసు పెట్టెలో వచ్చే ఈస్టు దిమ్మ విరిచి ఒక గిన్నెలో వేశాను. ఉప్పంతా దాని మీదే పోశాను. ఒక చెంబు నీళ్లు కలిపి, మూత పెట్టి, పక్కన ఉంచాను.

ఇది చదివేవాళ్లలో ఒక్కరోజైనా పిండి కలిపినవాళ్లుంటే ఇక్కడే నన్ను తిట్టడం మొదలుపెట్టి ఉంటారు. కానివ్వండి.

దీపాలు పెట్టాక రంగప్ప వచ్చాడు. మైదా తొట్టి ముందు నిలబడి, "సెట్టీ, ఉప్..." అని నాలుక కరుచుకున్నాడు. "అదే, రుచి తీసినావా?"

"రుచి వేసేసినా. నువ్వు దాని జోలికి పోవద్దు."

పిండిలో వేశాననుకున్నాడు ఆయన. గిన్నెలో వేశానని నేను చెప్పలేదు. చెప్పాలంటే ఆ మాట అనాలి కదా.

మూడు పొద్దులు

మొదటి పొద్దున తొట్టి మీద గుడ్డ తీస్తే పిండి రాత్రి పెట్టిన చోటే ఉంది. వేలు గుచ్చితే గుంట పడింది, అలాగే ఉండిపోయింది. ట్యాంకరు నీళ్లు చెడ్డవన్నాను. మా బోరు నీళ్లు ముందే చవుడు, అందుకని ట్యాంకరు కట్టించుకున్నాం. ఆ ట్యాంకరువాడితో పోట్లాడి నీళ్లు మార్పించాను.

రెండో పొద్దున అదే పిండి, అదే గుంట. టీ కొట్లవాళ్లు ఫోన్ల మీద ఫోన్లు. రంగప్ప గిన్నె అంచు మీద వేలితో రాసి చూస్తూ అన్నాడు, "ఈస్టు సచ్చినాది సెట్టీ. నురగే లేదు. నువ్వు నానబెట్టినప్పుడు పొంగిందా?"

"నా సరుకు సచ్చేదేమప్పా? నిన్ననే దిగింది."

మాట మీద మాట పెరిగింది. అందరి ముందూ ఫ్రిజ్ తెరిచి, దిమ్మలోంచి చిటికెడు విరిచి, గ్లాసులో గోరువెచ్చని నీళ్లూ చక్కెరా వేసి కలిపాను. ఆ పరీక్ష ఆయన నేర్పిందే. పది నిమిషాలు తిరక్కుండా నురగ గ్లాసు అంచుకు వచ్చింది. నేను గెలిచాను. బేరంలో గెలిచినప్పుడు నాకు ఒళ్లు తెలియదు.

మూడో పొద్దునా పిండి లేవలేదు. కౌంటరు దగ్గర నలుగురు కొనేవాళ్లున్నారు. వాళ్ల ముందే అన్నాను, "నా ఈస్టు బతికే ఉండాది మేస్త్రీ. సచ్చింది నీ చెయ్యి."

రంగప్ప తన కుడిచేతిని తిప్పి చూసుకున్నాడు, ఇటు ఒకసారి, అటు ఒకసారి. నిజంగా అందులో ఏదైనా తేడా కనబడుతుందేమోనన్నట్టు చూశాడు. తువ్వాలుకు తుడుచుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. వెనక్కి పిలవలేదు నేను.

అంతటితో ఊరుకున్నా కొంత మేలుండేది. పెనుకొండలో బేకరీ ఉన్న నాగరాజు ఫోన్ చేసి, మీ మేస్త్రి నా దగ్గర పని అడుగుతున్నాడు, ఏం సంగతి అన్నాడు. "మంచోడేనప్పా. చెయ్యి పోయింది పాపం" అన్నాను. ధర్మవరంలో ఇంకొకరు అడిగితే వాళ్లకూ అదే చెప్పాను. ఆ 'పాపం' అనే మాట చూడండి. సరుకును తక్కువ చేసి చెప్పడం చిన్నప్పటి నుంచి నాకు వెన్నతో పెట్టిన విద్య, కాని దాని చివర జాలి తగిలిస్తే ఎదుటివాడు ఇంకేం అడగడని కూడా నాకు తెలుసు.

నిమ్మకాయలు

రంగప్ప వెళ్లిన సాయంత్రం నేనే పిండి కలిపాను. తెల్లారి చూస్తే అదీ లేవలేదు. నిజం చెబుతున్నాను, ఆ పొద్దున నా చేతిని నేను తిప్పి చూసుకున్నాను.

ఆ మధ్యాహ్నం మా ఆవిడ సుశీల బజారులో ఊరగాయకు నిమ్మకాయలు కొని, ఎండకు తాళలేక బేకరీలోకి వచ్చి కూర్చుంది. నేను గిన్నె ముందేసుకుని ఉన్నాను.

"ఏం చేస్తాండారు?"

"కనపడలా? ఈస్టు నానేస్తాండా."

"ఈస్టా? నాకన్నా ముందే ఊరగాయ పెడతాండారనుకుంటి. అంత ఉప్పేల దాంట్లో?"

"దీపాలు పెట్టేలోగా తీసి పెట్టాల గదా."

ఆమె నిమ్మకాయల సంచి కింద పెట్టింది. "నేను ఊరగాయలో ఉప్పేల వేస్తానో తెల్సునా మీకు? బూజు పట్టకుండా. ఏ పురుగూ బతక్కుండా. ఆ మేస్త్రి ఇన్నేండ్లుగా ఇది జీవి, ఇది జీవి అని మొత్తుకుంటాండె. జీవిని ఉప్పులో పాతిపెడితే అదెట్ల బతుకుతాది?"

నేను నవ్వబోయాను. నవ్వు రాలేదు.

రెండు గ్లాసులు తెచ్చాను. రెండింటిలోనూ ఒకే నీళ్లు, ఒకే చక్కెర, ఒకే దిమ్మలోని ఈస్టు. ఒకదాంట్లో మాత్రం పిడికెడు ఉప్పు. ఇంకో ముక్క ఈస్టును పళ్లెంలో పెట్టి దాని మీద ఊరికే ఉప్పు చల్లాను. ముందు ఆ ముక్కకు చెమట పట్టింది. తర్వాత అంచులు కరిగాయి. నేను చూస్తుండగానే అది బురదై, నీరై పళ్లెంలో పారింది. ఒక్క చుక్క నీళ్లు నేను పోయలేదు. దాని ఒంట్లో ఉన్న నీళ్లనే ఉప్పు బయటికి లాగేసింది. ఇటు చూస్తే ఉప్పులేని గ్లాసు పొంగి బల్ల మీదికి కారుతోంది. ఉప్పు గ్లాసు, చెరువు నీళ్లలా మడ్డిగా, కదలకుండా ఉంది.

స్టూలు మీద కూలబడింది అప్పుడే. ఇన్నేళ్లూ కలిపిన పిండిలో ఉప్పు లేదా? ఉంది. కాని అది మైదా అంతటా పరుచుకుని ఉండేది. అలా ఉంటే ఈస్టును చంపదు, దాని పొగరును కాస్త తగ్గిస్తుంది, పిండికి బిగువు ఇస్తుంది. అదే ఉప్పు, అంతే ఉప్పు, చెంబెడు నీళ్లలో ఈస్టుతో ఒంటరిగా గంటల తరబడి ఉంటే విషం. ఎంత వేశామన్నది ఒక్కటే కాదు, ఎక్కడ వేశామన్నది కూడా కొలతే. మూడు రోజులు నా చేత్తో చంపి, మూత పెట్టి, రంగప్పకు ఇచ్చాను. లేపలేదని ఆయన చెయ్యిని చంపాను.

"ఆయన యాడుండాడో కనుక్కోండి," అంది సుశీల.

ధర్మవరం

కూతురి ఇంట్లో ఉన్నాడని తెలిసింది. కూతురు సరోజను పట్టుచీరలు నేసేవాళ్లింటికి ఇచ్చారు. మరుసటి పొద్దున బస్సెక్కి పోయాను. మగ్గం చప్పుడు వినబడుతున్న గుమ్మంలో సరోజే ఎదురైంది. చిన్నప్పుడు మా బేకరీలో బన్ను తిని పెరిగిన పిల్ల.

"రాప్పా సెట్టీ. మా నాయన చెయ్యి ఎంత మటుకు పోయిందో చూసిపోదామని వచ్చినావా? ఉండాదిలే, రెండు చేతులూ ఉండాయి, లోపలికొచ్చి లెక్కపెట్టుకో."

"అమ్మా సరోజా, తప్పు నాదే..."

"ఆ మాట ఈడ చెబితే ఏమొస్తాది? ఈ ఊర్లో బేకరీకి పోతే నీ పేరు చెప్పి తిప్పి పంపినారు. పెనుకొండలోనూ అంతే. చెయ్యి పోయిందని నువ్వు చెప్పింది యాడ?"

రంగప్ప లోపల కిందకూర్చుని రాట్నం ముందు కండెలకు దారం చుడుతున్నాడు. ఏళ్ల తరబడి పిండి పిసికిన అరచేయి మొరటు, పట్టు దారం దానికి తగులుకుని తెగుతోంది. తెగినప్పుడల్లా ముడి వేస్తున్నాడు. నేను జరిగిందంతా చెప్పాను. గిన్నె, ఉప్పు, నిమ్మకాయలు, గ్లాసులు. ఆయన దారం వదిలేశాడు.

"గిన్నెలోనా వేసినావు?"

"గిన్నెలోనే."

"రుచి వేసేసినా అంటివే!"

"గిన్నెలో వేసినా మేస్త్రీ."

ఆయన మొహంలో కోపం కన్నా బిత్తరపోవడమే ఎక్కువ కనబడింది. అప్పుడన్నాడు, "ఒక్కసారి ఆ నీళ్లు నాలిక మీద ఏసుకోనుంటే తెలిసిపోయేది. ఏసుకోలేదు. నీ చెయ్యి పెట్టిందే గదా అనుకుంటి." మళ్లీ దారం చేతిలోకి తీసుకుని, "నాలుగు దినాలుగా నేను నా చేతినే అనుమానిస్తాండా సెట్టీ. ముసలితనమొచ్చింది, అంతే అని సరోజతో కూడా అంటి."

వచ్చేయమన్నాను. జీతం పెంచుతానన్నాను. ఆ మాటకు సరోజ నవ్వింది, మంచి నవ్వు కాదది.

"రాను," అన్నాడు రంగప్ప. "నీ దగ్గరికి మళ్లా వస్తే, సెట్టి జాలిపడి పెట్టుకున్యాడంటారు. నాకు జాలి పని వద్దు. యాడ యాడ నా చెయ్యి పోయిందన్యావో, ఆడికే పోయి ఉండాదని చెప్పిరా."

అమ్ముడుపోని నిజం

ధర్మవరం బేకరీలో చెబితే ఆ యజమాని, అప్పటికే వేరే మనిషిని పెట్టుకున్నానన్నాడు. పెనుకొండకు పోయాను. నాగరాజు నన్ను చూసి కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. రంగప్పంత పనివాడు ఈ చుట్టుపక్కల లేడని మొదలుపెట్టాను. నాగరాజు టీ తాగడం ఆపేశాడు.

"మొన్న చెయ్యి పోయిందంటివి."

"అబద్ధం. అంత చెయ్యి యాడా లేదు."

"మరి నువ్వేల వదులుకుంటివి?"

"తప్పు చేసినా."

"సెట్టీ," అన్నాడు ముందుకు వంగి, "ఇన్నేండ్లలో నువ్వు ఒక్క సరుకునైనా పొగడంగా నేను చూళ్లేదు. ఈ పొద్దు పొగుడుతాండావంటే దీంట్లో ఏదో పెద్ద మోసమే ఉండాది. ఆయనకేం జబ్బప్పా? చెప్పు, ఎవరికీ చెప్పను."

ఎంత పొగిడితే అంత వెనక్కి జరుగుతున్నాడు. జీవితమంతా ఎదుటివాడి సరుకును దించి దించి నేను సంపాదించుకున్నది ఇదన్నమాట: నిజం చెప్పినా కొనేవాడు లేడు.

మాటలు పనికిరావని అర్థమైంది. "రెండు గ్లాసులు తెప్పించు," అన్నాను.

ఆయన ఈస్టే, ఆయన నీళ్లే, ఆయన ఉప్పే. పనివాళ్లను పిలిచాను, బయట టీ తాగుతున్నవాళ్లు కూడా తొంగి చూశారు. కలుపుతూ, కలుపుతూ మొత్తం చెప్పాను. దీపాల పట్టింపు, గిన్నె ఆదా, రుచి వేసేసినా అన్న మాట, నలుగురి ముందు ఆయన్ను అన్న మాట. ఒక గ్లాసు పొంగింది. ఒకటి చచ్చింది. ముందు నవ్వింది ఓవెన్ దగ్గరి మనిషి.

"పదిహేడేండ్లు బేకరీ నడిపి ఈస్టును ఊరబెట్టినావా సెట్టీ!"

"ఎన్ని దినాలు ఊరల్ల? ఒక జాడీ మాకూ పంపీప్పా!"

టీ కొట్టు దాకా నవ్వారు. నాగరాజు కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ఆ దారిలో నాకు ఊరగాయ సెట్టి అని పేరు అప్పుడే పడింది, ఇప్పటికీ అదే పేరు. నవ్వడం అయ్యాక నాగరాజు ఫోన్ తీశాడు. ఇంత పరువు పోగొట్టుకుని ఎవడూ అబద్ధం చెప్పడు, సెట్టి అసలే చెప్పడు అన్నాడు పనివాళ్లతో.

"మేస్త్రీ, రేపు పొద్దున్నుంచి రా. ఆఁ, ఈడే ఉండాడు. అందరి ముందరా చెప్పినాడు. అందరూ అంటే అందరూ." అవతలి మాట విని, ఫోన్ నా చేతికిచ్చాడు. "నీతో మాట్లాడతాడంట."

ఏమంటాడోనని చెవికి పెట్టుకోవడానికే భయమేసింది.

"సెట్టీ," అన్నాడు రంగప్ప. "ఎండలు ముదురుతాండాయి. ట్యాంకులో నీళ్లు మధ్యాహ్నానికే కాగిపోయింటాయి, అవి పోసేవు, జాగర్త. కుండలో నీళ్లు పొయ్యి. రోంత తక్కువే పొయ్యి, చాలకపోతే మళ్లా చల్లుకోవచ్చు."

సరేనన్నాను. ఫోన్ పెట్టేశాడు.

హిందూపురం దిగి ఇంటికి పోకుండా కుమ్మరి దగ్గరికి పోయాను. పెద్ద కుండ ఒకటి చూపించాడు. అడిగినంతా ఇచ్చి, భుజాన పెట్టుకుని బేకరీకి నడిచాను.